రెండు షీట్ల ప్లైవుడ్ తెడ్ల పడవ: మన కొట్లలో దొరికే సరుకుతో కడితే ఎంతవరకు నిలుస్తుంది?

ప్లైవుడ్ కొట్టుకెళ్తే షీటు నిలబెట్టి ముఖం చూపిస్తారు. గుర్జన్ చెక్క వెనీరు, అంటే పైన అతికిన పల్చటి పొర, ఎర్రగా, నున్నగా మెరుస్తుంటుంది. బీరువా చేయించుకునేవాళ్లకు ఆ ముఖం చాలు. పడవకు కొనేవాళ్లు మాత్రం షీటును పక్కకు తిప్పించి అంచు చూడాలి. నీళ్లు ముఖంలోంచి లోపలికి పోవడం తక్కువ. కోసిన అంచులోంచి, స్క్రూ బెజ్జంలోంచి, గీరుకుపోయిన మూలలోంచి దూరతాయి. ఇంట్లో కట్టిన ఎనిమిదడుగుల పడవ రెండు వానాకాలాలకే ఉబ్బిపోతుందా, ఏళ్ల తరబడి నీటి మీద తిరుగుతుందా అన్నది ఎక్కువగా ఆ అంచుల దగ్గరే తేలుతుంది. అందుకే ప్లై, రెజిన్ (గట్టిపడి అతుక్కునే ద్రవం), గ్లాస్ గుడ్డ (గాజు పోగులతో నేసినది), రంగు అన్నిటికీ ఇక్కడ ఒకటే పరీక్ష: అంచులోకి నీళ్లు పోకుండా ఇది ఎంత సాయం చేస్తుంది?

ముందు పడవ గురించి. 6 మి.మీ. ప్లై, 8×4 షీట్లు రెండు. పొడవు దాదాపు 2.35 మీటర్లు, పైన వెడల్పు 1.2 మీటర్లు, పక్క ఎత్తు 40 సెం.మీ. లోపు. అడుగు బల్లపరుపు. ముందు కొస కోసుగా ఉండదు, వెనకలాగే ఒక పలకతో మూసేస్తారు. దీన్ని ప్రామ్ అంటారు. చూసినవాళ్లు కుడితి తొట్టిలా ఉందని వెక్కిరిస్తారు, అది నిజమే కూడా. కానీ ఇంత పొట్టి పడవకు కోసు ముక్కు పెడితే ముందు భాగంలో బరువు మోసే చోటు సగానికి సగం పోతుంది. పైగా మన గుర్జన్ ప్లై మెలి తిప్పితే తేలిగ్గా లొంగదు. మొదటిసారి కట్టేవాళ్లకు ప్రామే మేలు. నీటి మట్టం దగ్గర దీని వైశాల్యం చదరపు మీటరున్నర దాకా ఉంటుంది కాబట్టి ప్రతి 15 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున మునుగుతుందని లెక్క వేసుకోవచ్చు. పడవ బరువు 40 కిలోలు, ఇద్దరు మనుషులు 140 కిలోలు అనుకుంటే 12 నుంచి 15 సెం.మీ. లోతు మునుగుతుంది. మూడో మనిషి ఎక్కినా పడవ తేలుతుంది, కానీ చిన్న అల కూడా అంచు దాటి లోపలికి వస్తుంది. ఇది ఇద్దరి పడవ.

'రెండు షీట్లు' అన్నది చాలా ప్లాన్లలో పేరుకే. ఒక షీటులో రెండు పక్కలు, మిగిలిన పట్టీలో ముందు, వెనక పలకలు వస్తాయి. రెండో షీటులో అడుగు పోగా ముప్పై సెంటీమీటర్ల పట్టీ ఒకటి మిగులుతుంది. సీట్ల కింద మూసిన పెట్టెలు కావాలంటే, కావాలి కూడా, మూడో షీటులో సగం పడుతుంది. కొట్టుకు రెండోసారి ఆటో మాట్లాడుకునే కంటే మొదటిసారే మూడు షీట్లు తెచ్చుకోవడం నయం. మిగిలిన సగం పరీక్షలకు పనికొస్తుంది, ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఈ కట్టుడు పద్ధతి పేరు స్టిచ్ అండ్ గ్లూ. ముక్కలు కోసి, అంచుల్లో బెజ్జాలు పెట్టి, తీగతో కుట్టి, లోపల రెజిన్ ముద్దతోనూ గ్లాస్ టేపుతోనూ అతికిస్తారు. లోపల చట్రం, పక్కటెముకలు ఏమీ ఉండవు. దీన్ని ఇళ్లలోకి తెచ్చింది బ్రిటన్‌లోని మిర్రర్ డింగీ అనే చిన్న పడవ. జాక్ హోల్ట్, టీవీలో ఇంటిపనులు నేర్పే బ్యారీ బక్నెల్ కలిసి దాన్ని రూపొందించారు. డైలీ మిర్రర్ పత్రిక పేరుతో 1963లో జనంలోకి వచ్చింది. ఆ తర్వాత 70 వేలకు పైగా కట్టారు. అందులో రాగి తీగ కుట్లు, పాలిస్టర్ రెజిన్, గ్లాస్ టేపు వాడారు. అరవై ఏళ్లయినా పద్ధతి పెద్దగా మారలేదు. మారింది రెజిన్. మన దగ్గర తప్పులు మొదలయ్యేదీ అక్కడే.

ప్లై

కొట్లో 'వాటర్‌ప్రూఫ్', 'బీడబ్ల్యూపీ' (మరిగే నీటిని తట్టుకునేది), 'మెరైన్' అన్న మూడు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తారు. షీటు మీద చూడాల్సింది ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్సు నంబరు, ఐఎస్ 710 అన్న అంకె. అది మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం. ఫినాలిక్ జిగురుతో అతికిన ఆ ప్లై ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు ఊడకూడదు. ఐఎస్ 303 అంటే సాధారణ వాడకపు ప్లై. వంటింటి అరలకు మంచిదే, పడవకు వద్దు. అంకె లేకుండా 'మెరైన్' అని మాత్రమే ముద్ర కొట్టి ఉంటే ఆ ముద్రను నమ్మి డబ్బు పెట్టకండి.

అయితే ఐఎస్ 710 ఉన్నా పని అయిపోలేదు. జిగురు మంచిదైనా మధ్య పొరల్లో సందులు ఉండొచ్చు. లోపలి వెనీరు ముక్కలు ఒకదానికొకటి ఆనకుండా వదిలేస్తే సన్నని సొరంగాలు మిగులుతాయి. అంచు మీద అగ్గిపుల్ల మొన దూరేంత నల్లటి గీతలు కనిపిస్తే అవే. బీరువాలో వాటి వల్ల ఏ నష్టమూ లేదు. పడవలో ఒకచోట దూరిన నీరు ఆ సొరంగం వెంట మూడడుగుల దూరం పోయి అక్కడ కుళ్లబెడుతుంది. షీటును రెండు ఇటుకల మీద ఆనించి రూపాయి బిళ్లతో అడుగడుక్కీ తట్టితే డొల్లగా మోగేచోట సందు ఉన్నట్టు. నాలుగు అంచులూ చూసి, తట్టి, ఆ తర్వాతే బేరం. కొట్టువాడు విసుక్కుంటే ఇంకో కొట్టు చూసుకోండి.

పొరలు కూడా లెక్కపెట్టండి. 6 మి.మీ. షీటులో ఐదు పొరలు ఉండాలి. మధ్యలో ఒక లావు పొర, పైనా కిందా కాగితంలాంటి పొరలు ఉన్న మూడు పొరల షీటు ఒకవైపు బాగా వంగుతుంది, రెండోవైపు వంచితే పుటుక్కుమంటుంది. పైపొర అంత పల్చగా ఉంటే ఇసుక కాగితం రెండుసార్లు తిప్పేసరికి అరిగి లోపలిది బయటపడుతుంది.

ఇంటి పరీక్ష ఒకటుంది. అరచేతంత ముక్క కోసి, మునిగేలా నీళ్లు పోసి ఆరేడు గంటలు మరిగించి, రెండు రోజులు ఎండబెట్టి, మళ్లీ మరిగించండి. తర్వాత అంచులో ఉలి పెట్టి విప్పి చూడండి. చెక్క పీచు చీలితే జిగురు గట్టిది. పొర పొరంతా అద్దంలా నున్నగా ఊడివస్తే ఆ లాటు వద్దు. వండుకునే గిన్నెలో మాత్రం ఇది చేయకండి.

గుర్జన్ ప్లై అసలు లోపం బరువు. 6 మి.మీ. షీటు ఒక్కటి 12 కిలోల పైనే తూగుతుంది. బయటి దేశాల ప్లాన్లు ఎక్కువగా ఒకూమె అనే తేలిక చెక్కతో చేసిన బీఎస్ 1088 (బ్రిటన్ మెరైన్ ప్రమాణం) ప్లైని దృష్టిలో పెట్టుకుని గీసినవి. అది ఎనిమిది, తొమ్మిది కిలోలే. అంటే ప్లానులో 28 కిలోలని రాసిన పడవ మన దగ్గర 38, 40 అవుతుంది. కారు పైకి ఒక్కరే ఎత్తి పెట్టొచ్చన్న మాట ఇక్కడ చెల్లదు. పక్కలకు 4 మి.మీ. వాడి బరువు తగ్గించొచ్చు. అడుగుకు మాత్రం 6 మి.మీ. తగ్గకూడదు, మోకాలు ఆనించి దిగేటప్పుడు అడుగు మీదే భారమంతా పడుతుంది. తూకంలో ఓడినా దొరకడంలోనూ మన్నికలోనూ గుర్జన్ షీటుకు వంక పెట్టలేం. పదికి ఏడు మార్కులు.

రెజిన్

విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల ఫైబర్ బోట్ల సరుకు అమ్మే కొట్లు ఉన్నాయి. వెళ్లి 'బోటుకు రెజిన్' అంటే వెంటనే పాలిస్టర్ రెజిన్, దాన్ని గట్టిపరిచే కోబాల్ట్, కెటలిస్ట్, మ్యాట్ (నేయకుండా పరిచిన గాజు పోగుల చాప) కట్టి ఇస్తారు. పూర్తి ఫైబర్ బోటుకు అది సరైన సరుకే. చెక్క పడవకు కాదు. పాలిస్టర్ చెక్కను గట్టిగా పట్టదు. ఎండకు, తేమకు చెక్క సాగి ముడుచుకుంటుంటే అది వెంట సాగలేక అంచు దగ్గర లేస్తుంది. లేచిన పొర కింద చేరిన నీరు ఆరదు. పైకి పడవ తళతళలాడుతూనే ఉంటుంది, వేలితో నొక్కితే లోపల మెత్తగా దిగుతుంది. మిర్రర్ రోజుల్లో వేరే దారి లేక వాడారు, ఇప్పుడు ఆ అవసరం లేదు, చెక్కను గట్టిగా పట్టే ఎపాక్సీ రెజిన్ ఉంది. (కోబాల్ట్‌నూ కెటలిస్టునూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదని, కలిపితే పేలుతుందని ఆ కొట్లలో పనిచేసేవాళ్లకు తెలుసు. ఇంట్లో ఆ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లకు తెలియకపోవచ్చు.)

మ్యాట్ కూడా అంతే. అందులో పోగుల్ని పట్టి ఉంచే బంధకం పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. ఎంత పూసినా మ్యాట్ తెల్లగా, బిరుసుగా, తడవని దూదిలా మిగిలిపోతుంది. ఎపాక్సీతో నేసిన గుడ్డే వాడాలి. చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డ సరిపోతుంది. దాన్ని 45 డిగ్రీల వాలులో 75 మి.మీ. పట్టీలుగా కత్తిరిస్తే మూలల్లో చక్కగా ఒదుగుతుంది. నేత టేపు కొంటే కోసిన పోగులు ఊడవు, కానీ అంచు కుట్టు దగ్గర చిన్న గట్టు మిగిలి దాన్ని అరగదీయడానికి ఒక పూట పోతుంది. కత్తిరించిన పట్టీలకే మా ఓటు.

ఎపాక్సీలో దేశంలో తేలిగ్గా దొరికే జోడీల్లో ఒకటి అతుల్ కంపెనీ లాపాక్స్ ఎల్-12 రెజిన్, దాన్ని గట్టిపరిచే కె-6 హార్డెనర్. తూకంలో 10కి 1 పాళ్లు. అతుకు గట్టిదే. చిక్కు ఆ పాళ్లతోనే. వంద గ్రాముల రెజిన్‌కు పది గ్రాముల హార్డెనర్ పడాల్సినచోట రెండు గ్రాములు తేడా వస్తే హార్డెనర్‌లో ఇరవై శాతం తేడా వచ్చినట్టు. కూరగాయల కాటా పనికిరాదు, గ్రాము దాకా సరిగ్గా చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. బ్యాచి 100 గ్రాముల కంటే తక్కువ కలపకండి, తప్పు శాతం పెరుగుతుంది. ఫైబర్ పనికి అలవాటుపడ్డ మేస్త్రులు ఇక్కడే దెబ్బతింటారు. పాలిస్టర్‌లో కెటలిస్టు కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుంది, తక్కువ పోస్తే నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ రెజిన్‌తో లెక్క ప్రకారం కలిసిపోయే భాగం. ఎక్కువ పోస్తే త్వరగా ఎండదు, నెలల తరబడి జిగటగా మిగిలిపోతుంది. అలా మిగిలినదాన్ని గీకి తీయడం తప్ప మందు లేదు.

అమెరికాలో మిషిగన్‌కు చెందిన గౌజన్ బ్రదర్స్ తెచ్చిన వెస్ట్ సిస్టమ్‌లో 105 రెజిన్‌కు 205 లేదా 206 హార్డెనర్ 5కి 1, వేడి ప్రాంతాల కోసం చేసిన 209 అయితే 3కి 1. పాళ్లు దగ్గర దగ్గరగా ఉండటంతో చిన్న తప్పును తట్టుకుంటుంది. డబ్బాకు బిగించే పంపులతో ఒక నొక్కు రెజిన్‌కు ఒక నొక్కు హార్డెనర్, తూకమే అక్కర్లేదు. పల్చగా ఉండి చెక్కలోకి బాగా ఇంకుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గరాజులో కట్టుకునే తెలుగువాళ్లకు పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు, ఇదే కొనుక్కోవచ్చు. ఇక్కడ తెప్పించుకుంటే ఖర్చు బాగా పెరుగుతుంది. ఒక మధ్యే మార్గం ఉంది: మూలల ముద్దకు, టేపుకు లాపాక్స్, అంచులు తాగించడానికి, పైపూతలకు పల్చటి, నెమ్మది రకం ఎపాక్సీ. ఒకటి పూర్తిగా గట్టిపడ్డాక కడిగి, గరుకు తీసి, దాని మీద ఇంకోటి వేస్తే పట్టుకుంటుంది. తడి మీద తడిగా రెండు కంపెనీలు కలపొద్దు.

ఈ సైజు పడవకు మొత్తం ఏడు, ఎనిమిది కిలోల ఎపాక్సీ పడుతుంది. అందులో సగానికి పైగా పైపూతలకే పోతుంది. మూడు కిలోలతో అయిపోతుందని ఎవరైనా చెబితే లోపలివైపు రంగుతో సరిపెట్టమంటున్నారన్నమాట.

ఎండ, ఉక్క

బయటి దేశాల సూచనలు మన వాతావరణంలో తలకిందులయ్యేది ఇక్కడే. పది డిగ్రీల వేడి పెరిగితే, కలిపిన ఎపాక్సీ గట్టిపడేలోపు ఇచ్చే టైము దాదాపు సగానికి పడిపోతుంది. 35 డిగ్రీల మధ్యాహ్నం లోతైన గ్లాసులో పావుకిలో కలిపి పక్కన పెడితే ముందు గ్లాసు వేడెక్కుతుంది, తర్వాత ప్లాస్టిక్ వంకరపోతుంది, ఆ తర్వాత పొగ లేస్తుంది. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పల్చగా పరవాలి. వేడి బయటికి పోయే దారి ఉంటే టైము పెరుగుతుంది.

పచ్చి చెక్క మీద మొదటి పూత ఉదయం వేయకండి. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి, పూతను పొడుచుకుని బయటికొస్తుంది. సాయంత్రానికి వందల కొద్దీ చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంట నీరు దూరే ఒక్కో దారి. సాయంత్రం నాలుగైదు గంటలకు, చెక్క చల్లబడే వేళ వేస్తే లోపలి గాలి ముడుచుకుంటూ రెజిన్‌ను తనతోపాటు లోపలికి లాక్కుంటుంది. డబ్బా అదే, కుంచె అదే, వేళ మారితే పని మారిపోతుంది.

కోస్తాలో ఉక్క రెండో శత్రువు. గట్టిపడిన ఎపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని కడక్కుండా ఇసుక కాగితం తిప్పితే జిడ్డు గీతల్లోకి దిగిపోతుంది, తర్వాతి పూత చేపకళ్లలా చెదురుతుంది. మంచి నీళ్లు, అంట్లు తోమే ఆకుపచ్చ పీచు, తర్వాత పొడి గుడ్డ, ఆ తర్వాతే ఇసుక కాగితం. థిన్నర్‌తో ఇది పోదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి అనువైన కాలం. వాన ముసురు పట్టిన రోజు కలపడమే దండగ.

చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ కొందరి ఒంటికి ఒకసారి పడకపోతే ఇక జన్మంతా పడదు, వాసనకే దద్దుర్లు లేస్తాయి. చేతికంటినదాన్ని థిన్నర్‌తో తుడిస్తే అది చర్మంలోకి ఇంకా దిగుతుంది. గుడ్డతో తుడిచి సబ్బుతో కడగాలి.

కోత, కుట్టు, మూలలు

గీతల దగ్గర ఖర్చు లేని మంచి పనిముట్టు కరెంటు వైరింగుకు వాడే పీవీసీ కేసింగ్ పట్టీ. ప్లానులో 30 సెం.మీ.కు ఒకటి చొప్పున ఇచ్చిన కొలతల దగ్గర చిన్న మేకులు కొట్టి, పట్టీని వాటి వెంట వంచి గీస్తే వంపు సాఫీగా వస్తుంది. ఎక్కడైనా పట్టీ మేకును ముట్టకపోతే కొలత తప్పు చదివినట్టు. గీతకు రెండు మి.మీ. బయట కోసి, రెండు పక్కలనూ ఒకదాని మీద ఒకటి బిగించి కలిపి చిత్రిక పట్టాలి. విడివిడిగా పడితే పడవ ఒకవైపు తిరుగుతుంది.

అంచుకు 8, 10 మి.మీ. లోపలికి, 12 సెం.మీ.కు ఒకటి చొప్పున సన్న బెజ్జాలు. మెత్తటి రాగి తీగ దొరక్కపోతే ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు చాలు. ఒకే షరతు, దాన్ని లోపల వదిలేయకూడదు. తుప్పు పట్టి ఉబ్బుతుంది. కుట్లన్నీ వదులుగా వేసి, పడవ ఆకారం వచ్చాక ఒక్కోటీ కొంచెం కొంచెం మెలివేసి బిగించాలి. ఒక చివర నుంచి గట్టిగా బిగించుకుంటూ వస్తే రెండో చివర పలక అందదు.

ఇక్కడ ఆగి మెలి చూడాలి. మేస్త్రులు గోడలకు వాడే నీళ్ల మట్టం పైపు తెచ్చి ముందు పలక రెండు మూలలు ఒక మట్టంలో, వెనక పలక రెండు మూలలు ఒక మట్టంలో ఉన్నాయా చూడండి. తాడుతో రెండు కర్ణాలూ కొలవండి, తేడా 5 మి.మీ. దాటకూడదు. దాటితే ఎత్తు కోసం కింద చెక్క ముక్కలు పెట్టి సరిచేయండి. రెజిన్ పడ్డాక ఆ మెలి పడవతోనే ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మూలల్లో పోసే ముద్దకు రెజిన్‌లో సన్నటి చెక్క పొడి కలపాలి. రంపపు పొట్టు వద్దు, అది గరుకు. ఇసుక కాగితం మిషను సంచిలోని పొడిని పల్చటి గుడ్డలో జల్లెడ పట్టండి. ముందు మూలను పల్చటి రెజిన్‌తో తడపాలి. లేకపోతే పచ్చి చెక్క ముద్దలోని రెజిన్‌ను పీల్చుకుని అతుకును ఎండగొడుతుంది. ముద్ద గారెల పిండిలా ఉండాలి: గరిటె తిరగేస్తే జారకూడదు, వేలితో రాస్తే గీత నిలవాలి. దోసెల పిండిలా ఉంటే రాత్రికి రాత్రి మూలలోంచి జారి అడుగున మడుగు కడుతుంది. ముందు కుట్ల మధ్య చుక్కలుగా పెట్టి, గట్టిపడ్డాక తీగలు లాగేయాలి. రాని తీగను సోల్డరింగ్ ఐరన్‌తో కాసేపు వేడిచేస్తే చుట్టూ రెజిన్ మెత్తబడి వచ్చేస్తుంది. తర్వాత పొడవునా ముద్ద వేసి, మూల గుండ్రంగా కత్తిరించిన పాత ఏటీఎం కార్డుతో 20 మి.మీ. వ్యాసార్థం వచ్చేలా లాగాలి. ముద్ద ఇంకా పచ్చిగా ఉండగానే దాని మీద గ్లాస్ పట్టీ. ఆరాక వేస్తే మధ్యలో అరగదీసే పని ఒకటి కొత్తగా వచ్చిపడుతుంది.

బయటివైపు మూలలను ముందు గుండ్రం చేయాలి. గ్లాస్ గుడ్డ కోసు మూలకు ఒదగదు, గాలి బుడగ వదిలేసి లేస్తుంది. అడుగు మొత్తానికి ఒక పొర గుడ్డ వేయడం బరువు దండగ అనేవాళ్లున్నారు. మెత్తటి బురదలోనే తిరిగే పడవకైతే వాళ్లన్నది ఒప్పుకోవచ్చు. గుండ్ల మీదికి, సిమెంటు మెట్ల మీదికి లాగే పడవకు కాస్త బరువు కోసం గుడ్డ మానేయడం అసలుకే మోసం. గుడ్డ పైన పొడవునా రెండు చెక్క బద్దలు వేస్తే రాపిడి వాటి మీదికి పోతుంది. వెనక మధ్యలో 70, 80 సెం.మీ. పొడవు, 8, 10 సెం.మీ. లోతు నిలువు బద్ద కూడా కావాలి. అది లేని ప్రామ్ తెడ్డు ఆపగానే గిర్రున తిరుగుతుంది.

అంచులకు విడిగా ఒక రోజు కేటాయించండి. కోసిన ప్రతి అంచుకూ, సీటు పెట్టె లోపల కనపడని అంచులతో సహా, పల్చటి ఎపాక్సీ తాగినంత తాగించాలి. పీల్చడం ఆగేదాకా, కనీసం మూడుసార్లు, ఒకటి జిగటగా ఉండగానే ఇంకోటి. స్క్రూ పడే ప్రతిచోటా కావలసిన దానికంటే పెద్ద బెజ్జం వేసి, ముద్దతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో స్క్రూకు తగ్గ బెజ్జం వేయాలి. స్క్రూ ఎపాక్సీలో కూర్చుంటుంది, ప్లైని ముట్టదు. విసుగు పుట్టించే పని. మిగిలిపోయిన మూడో షీటు ముక్కలు రెండు తీసుకుని, ఒకదానికి ఇలా చేసి, ఇంకోదానికి చేయకుండా, రెండింటినీ నెల రోజులు నీళ్ల బకెట్లో పడేసి పోల్చి చూస్తే ఆ విసుగు పోతుంది.

మిగిలిన సరుకు

పై అంచు బద్దకు టేకు మంచిదే, కాకపోతే దాని నూనె ఎపాక్సీని పట్టనివ్వదు. అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి, ఆరగానే పూయాలి. సముద్రపు నీటికి 316 స్టీలు స్క్రూలు; 304 చెరువుకు సరిపోతాయి. ఇత్తడి స్క్రూల్లో జింకు ఉప్పునీటికి కరిగిపోయి, తలలు గులాబీ రంగుకు తిరిగి, తిప్పితే విరుగుతాయి.

సీట్ల కింద కనీసం 100 లీటర్ల తేలే సరుకు ఉండాలి. నిండా నీళ్లు నిండినా ప్లై తనంతట తాను తేలుతుంది. కానీ పట్టుకుని వేలాడే ఇద్దరి కోసం, నీళ్లు తోడుకునే అవకాశం కోసం ఈ 100 లీటర్లు. థర్మకోల్ ఎపాక్సీకి కరగదు. పాలిస్టర్‌కూ పెట్రోలుకూ కరుగుతుంది. పెట్టెను పూర్తిగా మూసేయకుండా తిప్పి తీసే మూత ఒకటి పెట్టండి, లోపల చేరిన తేమ ఆరాలి. ఇది ఉందని లైఫ్ జాకెట్ మానకండి.

తెడ్లకు కొలత సూటిది. పట్టుకునే వైపు 7 పాళ్లు, నీటి వైపు 18 పాళ్లు. 1.2 మీటర్ల వెడల్పుకు ఏడు నుంచి ఏడున్నర అడుగుల తెడ్డు. ముడులు లేని పైన్ చెక్క తేలిగ్గా ఉంటుంది. తెడ్డు ఆనే కొక్కెం సీటు వెనక అంచు నుంచి పడవ వెనక్కి 30 సెం.మీ. దూరంలో ఉండాలి. వెనక సీట్లో ఇంకొకరు కూర్చుంటే పడవ వెనక్కి ఒరిగి, వెనక పలక నీళ్లను ఈడుస్తుంది, తెడ్డు వేసేవాళ్లు ముందుకు జరగాలి. కాబట్టి ముందు కూడా రెండో జత కొక్కేలు పెట్టుకోండి. ఒకే జత చూపే ప్లాన్లు ఒంటరివాళ్ల కోసం గీసినవే. గన్‌మెటల్ కొక్కేలు దొరక్కపోతే నిలువు కర్ర ముళ్లు, వాటికి తాడు ఉచ్చు చాలు. మన నాటు పడవల్లో చూసేది అదే. చప్పుడు కూడా చేయదు.

ఎపాక్సీ ఎండకు నిలవదు. రంగు లేకుండా వదిలేస్తే పసుపు తిరిగి, సుద్దలా రాలుతుంది. రెండు డబ్బాలు కలిపే పీయూ (పాలియురెథేన్) రంగు ఉత్తమం. సాదా ఎనామెల్ వేస్తే ముందు చిన్న చోట వేసి చూడండి, కొన్ని ఎపాక్సీల మీద అది రోజుల తరబడి ఆరదు. రంగు లేతది ఎంచుకోండి. ముదురు నీలం పడవ మే నెల ఎండలో చేయి పెట్టలేనంత కాలుతుంది, ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. చెక్క అందం కనపడాలని వార్నిష్ వేయదలిస్తే సీటు పైకి, అంచు బద్దకు వేసుకోండి. అడుగుకు వద్దు.

భీమవరం వైపు చేపల చెరువుల్లో మేత చల్లడానికి ఇలాంటిది కట్టుకోవచ్చా అంటే, మా మాట వద్దనే. రోజూ గట్టు మీదికి ఈడ్చడం, బస్తాల మూలలు గుద్దుకోవడం, ఇవన్నీ అంచుల మీదే పడతాయి. అక్కడికి ఫైబర్ బోటే సరి. ఇది ఆదివారం కాలువలోనో, అలల్లేని చెరువులోనో తిరిగే పడవ.

వాడనప్పుడు బోర్లించి, రెండు దిమ్మల మీద, నేలకు అడుగు ఎత్తులో పెట్టండి. టార్పాలిన్ బిగించి కట్టకండి. లోపల ఉక్కపోసి, బయటి వానకంటే ఎక్కువ చెమ్మ పడుతుంది. ఏడాదికోసారి వెనక పలక కింది అంచు, నీళ్లు వదిలే బెజ్జం చుట్టూ, కొక్కేల స్క్రూల పక్కన బొటనవేలితో నొక్కి చూడండి. రంగు కింద నల్ల మచ్చ పాకుతుంటే అక్కడ మంచి చెక్క కనపడేదాకా గీకి, పది రోజులు నీడలో ఆరబెట్టి, మళ్లీ ఎపాక్సీ తాగించి మూయండి. తడి మీద మూస్తే మచ్చ ఇంకా దూరం పాకుతుంది.